కూర్చోవడానికి పినాంగ్ దాకా

ఇపో నుంచి ఉత్తరానికి పోయే బండి ఉదయం ఏడింటికి. మేము ఆరింటికే స్టేషన్ చేరాం. మలాయ్ దేశం ఇంకా దొరల ఏలుబడిలో ఉన్న ఎమర్జెన్సీ రోజులు కాబట్టి గుర్తింపు కార్డు చూపించాలి, సంచీ విప్పాలి, తిండి ఉంటే అది ఎవరికోసమో చెప్పాలి. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి ఒక్క మెతుకు కూడా చేరకూడదని ప్రభుత్వం పట్టుదల. మా ఇంట్లో కట్టిచ్చిన పులిహోర పొట్లం గేటు దగ్గరే ఆగిపోయింది. పోలీసాయన దాన్ని వాసన చూసి పక్కన పెట్టుకున్న తీరు చూస్తే అది అడవికి మాత్రం చేరదని తెలిసిపోయింది.

మేము అంటే నేనూ, సింహాచలం మావా. నేను ఇపోలో ఒక పెద్ద హోటల్లో గుమాస్తాని, అక్కడి పనివాళ్ళ సంఘానికి కార్యదర్శిని. టైపు కొట్టడం వచ్చినందుకు ఆ పదవి నా నెత్తిన పడింది. మావ సంఘానికి అధ్యక్షుడు, ముప్పై ఏళ్ళుగా అదే హోటల్లో వెయిటరు, అందులో పన్నెండేళ్ళు హెడ్ వెయిటరు. పది రోజుల క్రితం వరకూ.

జరిగింది ఇదీ. మా హోటల్లో డ్యూటీలో ఉన్న వెయిటరు కూర్చోకూడదు. హాల్లోనే కాదు, వంటగది పక్కన పళ్ళాలు తుడిచే గదిలో కూడా కూర్చోకూడదు, అసలు అక్కడ కూర్చునేందుకు ఏమీ ఉండదు. ఆ రోజు తెల్లారి ఐదింటి నుంచి నిలబడ్డ మావ, మధ్యాహ్నం మూడింటికి హాలు ఖాళీ అయ్యాక, వాచిన మోకాలితో కిటికీ పక్క కుర్చీలో రెండు నిమిషాలు కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పినాంగ్ నుంచి తనిఖీకి వచ్చిన కంపెనీ పెద్ద దొర హాల్లో అడుగుపెట్టాడు. సాయంత్రానికి మావ తెల్లకోటు విప్పించేశారు. మా సంఘం పుట్టి అప్పటికి మూడు నెలలు. అధ్యక్షుడి ఉద్యోగమే నిలబెట్టలేని సంఘంలో ఎవరుంటారు? లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టాం. పినాంగ్ దీవిలోని జార్జ్ టౌన్‌లో కంపెనీ హోటల్లోనే, దొర ఎదుట, లేబర్ ఆఫీసరు సమక్షంలో మాట్లాడుకోవాలని కబురొచ్చింది.

మా సంచీలో అర్జీ కాగితాలు చూసి మీటింగు దేని గురించి అని అడిగాడు పోలీసాయన. కుర్చీ గురించి అన్నాడు మావ నిజాయితీగా. ఇలాంటివాళ్ళ వల్ల దేశానికి ముప్పు లేదనుకున్నాడు కాబోలు, పొమ్మన్నాడు.

మూడో తరగతి చెక్క బల్లలు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఒక దిండు తెచ్చుకోవడం మంచిది. మా బండికి ముందు ఇనప రేకులు కప్పిన చిన్న ట్రాలీ ఒకటి పట్టాలు చూసుకుంటూ పోయింది. పేలేదేమన్నా ఉంటే ముందు అది పేలుతుందని, మనం నిశ్చింతగా ఉండొచ్చని ఎదుటి బల్ల మీది పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. ఆ తరవాత దారంతా ఆయన కళ్ళు మూసుకుని దేవుడి పేర్లు చదువుకుంటూనే ఉన్నాడు.

నాకు ట్రాలీ బెంగ లేదు, మావ బెంగ పట్టుకుంది. అతనికి తెల్ల దొర కనబడితే చాలు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. కూర్చునే హక్కు అడగడానికి వెళ్ళి అక్కడ లేచి నిలబడితే మా అర్జీ గతేమిటి? అందుకని బండిలోనే తాలీము మొదలుపెట్టాను. నేను దొరనై తలుపు దగ్గర నుంచి నడిచి వస్తాను, మావ కూర్చునే ఉండాలి. మొదటిసారి లేచాడు. రెండోసారీ లేచాడు. మూడోసారి లేవకుండా రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు గానీ, "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు.

సుంగై సిపుట్‌లో తమలపాకుల గంపతో అప్పాయమ్మ అనే ఆవిడ ఎక్కింది. రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. వారానికోసారి తైపింగ్ సంతలో ఆకులు అమ్మి, రాత్రికి కూతురింట ఉండి, మర్నాడు తిరిగి వస్తుందట. మా తాలీము రెండు సార్లు చూసి తన గంప తెచ్చి మావ ఒళ్ళో పెట్టేసింది.

"ఇంకేటి లెగుస్తావు? లెగిస్తే నా ఆకులన్నీ నేలపాలు లా. అప్పుడు దొరతో గాదు, నాతో నీకు పని" అంది, ఆ దేశంలో అందరిలాగే మాటకి ఒక 'లా' తగిలించి.

ఉపాయం బాగుందనుకున్నాం. కువాలా కంగ్సార్ దాటాక కార్డులు చూడటానికి ఒక తెల్ల సార్జెంటు మా పెట్టెలోకి వచ్చాడు. మావ లేవనే లేచాడు. కానీ ఒక్క ఆకు రాలలేదు. గంప ఎడమ అరచేతి మీద తిన్నగా, భుజం ఎత్తున నిలిచింది, కుడిచెయ్యి వెనక్కి మడిచి నడుం కొంచెం వంచాడు. సార్జెంటు ఏమనుకున్నాడో, ఒక తమలపాకు తీసుకుని థాంక్యూ చెప్పి వెళ్ళాడు. అప్పాయమ్మ తైపింగ్‌లో దిగేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సొరంగాలు దాటి, చెరువు మధ్యగా వేసిన పట్టాల మీద బండి నెమ్మదిగా పోతుంటే మావ నాకు తన విద్య గురించి చెప్పాడు. అతిథి లేస్తే కుర్చీ లోపలికి తొయ్యాలి, ఒళ్ళో వేసుకునే గుడ్డ మడత పెట్టాలి, తిరిగొస్తే కుర్చీ వెనక్కి లాగాలి, అతను కూర్చునే వేళకి మళ్ళీ ముందుకి జరపాలి. ఇదంతా చప్పుడు లేకుండా జరగాలి. ముప్పై ఏళ్ళలో ఏ దొరా తన కుర్చీ తాను లాక్కోవడం తను చూడలేదన్నాడు. అప్పుడు నేను ఆ మాటలు సరిగ్గా వినలేదు.

ఒంటిగంటకి ప్రై చేరాం, అక్కడి నుంచి ఫెర్రీలో జార్జ్ టౌన్. సంఘం సొమ్ముతో లాడ్జిలో దిగడం మర్యాద కాదని కంపెనీ హోటల్ వెనక వెయిటర్ల గదిలో ఉన్నాం. మాకు చాప ఇచ్చినవాడు అహ్ సెంగ్ అనే హైనానీ చీనా వెయిటరు, మావ ఈడువాడే. చేపల కూరతో అన్నం కూడా పెట్టాడు. ఊళ్ళో ఏ కాఫీ కొట్టులో చూసినా మెర్డెకా మాటే. ఆ స్వాతంత్ర్యం వచ్చాక దొరలు వెళ్ళిపోతారా ఉంటారా అని పందాలు. వాళ్ళుంటే ఎవరు కూర్చుంటారో, వెళ్తే ఎవరు కూర్చుంటారో అహ్ సెంగ్‌కి అనవసరం, తనకైతే నిలబడ్డమే అన్నాడు నవ్వుతూ.

మర్నాడు పదింటికి, సముద్రం వైపున్న చిన్న భోజనశాలలో మీటింగు. లేబర్ ఆఫీసరు మితభాషి అయిన మలాయ్ యువకుడు. మావ మధ్యలో, నేను పక్కన. నా చెయ్యి అతని కోటు అంచు గట్టిగా పట్టుకుని ఉంది. దొర లోపలికి వచ్చాడు. కోటు కుట్టు పటుక్కుమంది గానీ మావ ఆగలేదు, లేచి నిలబడ్డాడు. అహ్ సెంగ్ లాగిన కుర్చీలో దొర కూర్చున్నాకే తనూ కూర్చున్నాడు.

దొర నవ్వాడు. చూశారా అన్నాడు ఆఫీసరుతో. ఇతన్ని ఎవరూ నిలబడమనలేదు, వీళ్ళకి నిలబడితేనే సుఖం, కుర్చీ ఇస్తే శిక్ష వేసినట్టు అన్నాడు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. టైపు కొట్టి తెచ్చిన మూడు పేజీలూ చదివాను, ఎవరూ విన్నట్టు లేదు. మావ ఉద్యోగం పోయింది, సంఘమూ పోయిందని అనుకున్నాను.

ఇంతలో దొర తన హోటళ్ళ పరువు గురించి చెప్పడానికి లేచి కిటికీ దగ్గరకు నడిచాడు. మావ కూడా లేచాడు. బల్ల చుట్టూ వెళ్ళి దొర కుర్చీ చప్పుడు లేకుండా లోపలికి తోసి, గుడ్డ మడిచి పెట్టి, తన చోటికి తిరిగొచ్చాడు. వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో కూర్చోనంత హాయిగా, వీపు ఆనించి మరీ.

దొర మాట్లాడుతూ వెనక్కి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ కుర్చీ లాగలేదు. గోడ దగ్గర ట్రే పట్టుకుని ఉన్న అహ్ సెంగ్ ఒక అడుగు వేశాడు. మావ తల తిప్పి అతన్ని చూశాడు. హెడ్ వెయిటర్లు చూసే ఆ చూపు నాకు తెలుసు, పరిగెత్తేవాణ్ణి కూడా ఆపేస్తుంది. అహ్ సెంగ్ ఉన్నచోటే ఆగి పైకప్పు పరిశీలించసాగాడు.

దొర మాట్లాడుతూనే ఉన్నాడు. కుర్చీ వీపు మీద ముందు ఒక చెయ్యి వేశాడు, తరవాత రెండు చేతులూ వేశాడు. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మార్చాడు. తనంతట తాను కుర్చీ లాక్కోవచ్చనే ఆలోచన ఆ మనిషికి తట్టనేలేదు. గడియారంలో అరగంట గడిచింది. ఆఫీసరు తల వంచుకుని రాస్తున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆఖరికి ఆయనే తల ఎత్తి, మీరు కూర్చోరా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

కూర్చుంటాను, నా మోకాలు అంత మంచిది కాదు అన్నాడు దొర.

అప్పుడు మావ లేచాడు, కుర్చీ లాగి పట్టుకుని, తన హోటల్ ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు: "కూర్చోండి సర్. మోకాళ్ళ నొప్పి నాకు తెలుసు."

దొర ఎర్రబడ్డాడు. మావ పట్టుకున్న కుర్చీలో కూర్చున్నాడు. తరవాత పని తొందరగానే తెమిలింది. మావకి ఉద్యోగం తిరిగి ఇస్తారు. రెండు హోటళ్ళలోనూ పళ్ళాలు తుడిచే గదిలో వెయిటర్లకి రెండేసి స్టూళ్ళు వేస్తారు. దొర ఒక్క షరతు మాత్రం పెట్టాడు, స్టూళ్ళకి వీపు ఉండకూడదు. వీపుంటే అది కుర్చీ అవుతుందట. మావ పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఒప్పందం నేనే టైపు చేశాను, ఆనందంలో మూడుచోట్ల తప్పులు కొట్టాను.

పన్నెండున్నర ఫెర్రీలో గాలి బాగా వీస్తోంది. రెయిలింగు పక్కన నిలబడి, కావాలనే చేశావా మావా అని అడిగాను.

"కుర్సీ తోసినది అలవాటు, అల్లుడూ. లాగకపోవడం మాత్రం నా ఇష్టం" అన్నాడు. అన్నాక తన ధైర్యానికి తనే భయపడ్డట్టు వేళ్ళు చూసుకున్నాడు.

ప్రై నుంచి ఒంటిగంటన్నర బండి. మావ కిటికీ పక్క కూర్చున్నాడు. టిక్కెట్లు చూసే దొర వస్తే కూర్చునే టిక్కెట్టు చూపించాడు, గుడ్ ఆఫ్టర్‌నూన్ కూడా కూర్చునే చెప్పాడు. ఈ ప్రయాణంలో నేను పినాంగ్ కొండ ఎక్కలేదు, గుడి చూడలేదు, మీరు వెళితే చూడండి. నేను చూసిందల్లా ఒక ముసలి మనిషి ఒక బల్ల మీద మూడు గంటలు కదలకుండా కూర్చోవడం. ఆ దేశంలో నేను చూసినవాటిలో అంత తృప్తినిచ్చింది మరొకటి లేదు.

తైపింగ్‌లో పెట్టె కిక్కిరిసింది. ఖాళీ గంపతో అప్పాయమ్మ ఎక్కి ద్వారం దగ్గర నిలబడింది. మావ చటుక్కున లేచాడు. అలవాటుకొద్దీ నేను అతని కోటు అంచు పట్టుకుని, ఇక్కడ దొరలెవరూ లేరు, కూర్చో అన్నాను.

మావ నా చెయ్యి విడిపించుకుని, ఆమెకి బల్ల చూపించాడు.

"దొరలు నేరని తెలుసును లా, అల్లుడూ. అందుకే లెగిసినాను."

ఆమె దిగే సుంగై సిపుట్ దాకా, ఆ వాచిన మోకాలితోనే, పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అప్పాయమ్మ గంప అతని చంకలో ఉంది.