ఏరోడ్రోం మీద మా వడ్లు

మా ఊరి పక్కన ఏరోడ్రోం ఉంది. నేను పుట్టాక అక్కడ ఒక్క విమానమూ దిగలేదు. తెల్లదొరల కాలంలో, ప్రపంచయుద్ధం జరుగుతున్నప్పుడు, గూడూరు దాటాక రోడ్డుకి అవతల ఉన్న వరిచేలు తీసేసుకుని పొడుగునా కాంక్రీటు పోసి యుద్ధవిమానాలు దింపారట. యుద్ధమయ్యాక విమానాలు వెళ్లిపోయాయి, కాంక్రీటు మిగిలింది. మావాళ్లు దాన్ని ఊరికే వదిలిపెడతారా? నా చిన్నప్పుడు ఆదివారం చర్చి అయ్యాక ఊళ్లో మగపిల్లలంతా అక్కడే క్రికెట్ ఆడేవాళ్లు. నేను స్కూటీ నేర్చుకున్నదీ, మోకాలు చీరుకుపోయిందీ అక్కడే. ఇప్పుడైతే పెళ్లికి ముందు ఫొటోలు దిగడానికి బందరు నుంచి జంటలు కార్లేసుకుని వస్తున్నారు.

కోతలొస్తే మాత్రం ఫొటోలకి చోటుండదు. కోతమిషన్లోంచి పడ్డ వడ్లు పచ్చిగా ఉంటాయి, ఆరబెట్టకపోతే మిల్లువాళ్లు ముట్టుకోరు. అందుకని ఊరంతా ట్రాక్టర్లతో ఏరోడ్రోం ఎక్కుతుంది. అక్కడొక చిత్రమైన పద్ధతి ఉంది. యుద్ధానికి ముందు ఎవరి చేను ఎక్కడుండేదో, ఆ కుటుంబం ఇప్పటికీ సరిగ్గా ఆ చోటే వడ్లు పోస్తుంది. గట్టూ లేదు, గీతా లేదు, అయినా మునిమనవలకి కూడా హద్దులు తెలుసు. నేను స్కూటీ నేర్చుకునే రోజుల్లో "మా చేలోంచి తోలతావేంటమ్మా?" అని రైతులు ఆ కాంక్రీటు మీద నిలబడి కేకలేస్తుంటే నాకు నవ్వాగేది కాదు.

రెండేళ్ల కిందట ఆ నవ్వు కాస్తా పోయింది. మా అమ్మ అంగన్‌వాడీలో రిటైరయ్యాక ఎకరం చేను కొంది. మా వంశంలోనే అది మొదటి చేను. పాస్టరుగారిని గట్టు మీదికి పిలిచి ప్రార్థన చేయించాకే విత్తనం చల్లించింది. పంట బాగా వచ్చింది. మొదటి పంట, ట్రాక్టరు నిండా వడ్లు, వాటి వెనక స్కూటీ మీద నేనూ అమ్మా. తీరా ఏరోడ్రోం మీదికి వెళ్తే మాకు చోటు లేదు. యుద్ధానికి ముందు మావాళ్లకి సెంటు భూమి ఉంటేగా! తాతలకి చేను లేకపోతే మనవలకి ఎండ కూడా దక్కదా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆకాశంలో ఓ మూల మబ్బు కూడా కనపడుతోంది. ఆ రోజు ఆరబొయ్యకపోతే అమ్మ పంట మొలకెత్తిపోతుంది.

ఖాళీగా కనిపించిన చోట ట్రాక్టరు ఆపించాం. పక్కనే వడ్లు తిరగేస్తున్న పెద్దాయన చెయ్యెత్తాడు. ఊళ్లో పెద్ద రైతు, మంచివాడే. మా నాన్న పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చింది ఆయనే.

"అది మా చేనమ్మా. సాయంత్రానికి మా వడ్లొస్తాయి," అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "చేనెక్కడుందండీ? అంతా సిమెంటేగా!"

అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మీ చేనేనండీ బాబాయిగారూ, నేను కాదనట్లేదు," అంది. "కిందున్న మట్టి మీదే. పైనున్న ఈ కంకర మాత్రం మా అత్తగారు తట్టలతో మోసిందండీ. మా పెద్ద బావగారు కడుపులో ఉండగా మోసిందంట. మీ మట్టి జోలికి మేం రాం. ఆవిడ మోసిన కంకర మీద రెండ్రోజులు ఆరబోసుకుంటాం."

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఏరోడ్రోం కథంటే చేలు పోయినవాళ్ల కథే అనుకున్నాను ఇన్నాళ్లూ. మా నాయనమ్మని తలచుకున్నా, మా అమ్మని చూసినా గర్వమేసింది.

పెద్దాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎక్కడెక్కడ మోసిందో తెలుసామ్మా?"

"తెలీదండీ. పొడుగంతా మోసిందంట."

"అయితే పొడుగంతా మీదేగా. ఎక్కడ పోసుకుంటావో నీ ఇష్టం."

"ఇక్కడేనండీ, ఎండ బావుంది," అంది అమ్మ.