నాలుగో భుజం

దయ్యాలంటే భయపడటం మా ఇంట్లో మర్యాద తక్కువ పని. అలాంటి కబుర్లు చెప్పే పనివాళ్ళను మా తాతగారు అరుగు దిగి పొమ్మనేవారు. నేను ఆ పెంపకంలోనే పెరిగాను. ఈ రోజుకీ నమ్ముతానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా ఊరు అశ్వారావుపేట దాటాక భద్రాచలం వైపు, అడవి అంచున ఉంటుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో మా తాతగారి మాటకు ఎదురు లేదు. నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి భూములు పోయాయి, ఇల్లు పోయింది. ఎలా పోయాయో ఇక్కడ అనవసరం. రెండు వేల నాలుగు నాటికి నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ ఒక ఎరువుల దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాను.

మా అమ్మాయి హరిణికి అప్పుడు పదేళ్ళు. మా తాతగారు నలుగురు మోసే మేనాలో ఊళ్ళు తిరిగేవారని చెబితే ఒకసారి పకపకా నవ్వింది. పసిపిల్ల నవ్వు. అయినా నాకు గుచ్చుకుంది. ఊరికి తీసుకెళ్ళి, నాతో చదువుకున్న ముత్తయ్య, రాములు నోటితో ఆ సంగతి చెప్పించాలనుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా నేను వాళ్ళ ముఖం చూడలేదు.

బయలుదేరే రోజు పొద్దున్న, పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది, వచ్చే వారం వెళ్ళండని నా భార్య అంది. వస్తున్నానని ముత్తయ్యకు అప్పటికే కబురు పంపాను. మాట తప్పడం నాకు చేతకాదు. ఆమె మాట నేను వినలేదు.

ఆగస్టు నెల. బస్సు దిగి, ఒక జీపు మాట్లాడుకుని వాగు దాకా వెళ్ళాం. వాగులో నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ అక్కడికే రమ్మని డ్రైవరుకు చెప్పి, హరిణిని ఎత్తుకుని దాటి, రెండు కిలోమీటర్లు నడిచాం.

"ఏంది చిన్నదొరా, బాట దొరికిందా?" అన్నాడు ముత్తయ్య, వాకిట్లో మంచం వాలుస్తూ.

"బాట యాదికున్నది. మనమే యాదికి లేం" అన్నాడు రాములు.

ఇద్దరూ హరిణిని చెరో పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మీ నాయిన బడిల వేరేటోళ్ళు ముట్టిన చెంబుతోని నీళ్ళు తాగకపోయేది బిడ్డా. పొద్దుమూకే దాకా నోరెండబెట్టుకొని గట్లనే కూసునేటోడు" అని రాములు చెప్పాడు. హరిణి నవ్వింది. నేను చెప్పించాలనుకున్నది ఇది కాదు. మేనా మాట నేనుగా ఎత్తలేను, వాళ్ళు ఎత్తలేదు.

పిల్ల అన్నం ముట్టలేదు. రెండింటికల్లా ఒళ్ళు కాలిపోతోంది. రెండున్నరకు కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే వాన కూడా అందుకుంది.

ఆ రోజు వాగు అవతల సంత. ఊళ్ళో సూదిమందు వేసే ఆయనతో సహా మగవాళ్ళంతా అక్కడికే వెళ్ళారు. ఫోన్లు పనిచేసే చోటు కాదది. "ఏం చూస్తున్నరయ్యా, జల్దీ దవాఖానకు తీస్కపోన్రి!" అని ముత్తయ్య భార్య అరిచింది.

నేను చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తబోయాను. వాకిలి దాటకముందే మళ్ళీ మూర్ఛ వచ్చింది. పిల్ల విల్లులా బిగుసుకుపోయి నా చేతుల్లోంచి జారింది. ముత్తయ్య పట్టుకోకపోతే బండ మీద పడేది. రాములు నులకమంచం లాక్కొచ్చాడు. పిల్లను పడుకోబెట్టి, తువ్వాళ్ళతో కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాం. ముత్తయ్య భార్య నాలుగో మూల పట్టబోయింది కానీ ఎత్తు సరిపోక మంచం ఒరిగింది. ఇక మేం ముగ్గురమే.

"మా తాతలు మీ తాతను మోసిన్రు. ఇయ్యాల నువ్వు గూడ భుజం పెట్టు దొరా" అన్నాడు రాములు. ఎగతాళిగా అన్నాడో, మామూలుగా అన్నాడో తెలియదు. తేల్చుకునే తీరిక లేదు.

వాళ్ళిద్దరూ ముందు చెరో మూల పట్టుకున్నారు. నేను వెనక, మంచం అడ్డపట్టె కిందకి మెడ వంచి రెండు భుజాల మీద బరువు పెట్టుకున్నాను. ఇది నాకు బాగా గుర్తుంది. వెన్నెముక విరుగుతుందనిపించింది. వాన ఇలాగే కురిస్తే వాగు పొంగుతుంది, పొంగితే పిల్ల దక్కదు. నాకు వేరే ఆలోచన లేదు.

సగం దారిలో ఎడమ వైపు ఎవరో భుజం పెట్టారు. బరువు తేలిక కావడంతో నేను కుడి మూలకు జరిగాను. సంత నుంచి తిరిగొస్తున్న మనిషి అనుకున్నాను. గోనెసంచిని ముసుగులా మడిచి తల మీద వేసుకున్నాడు. మంచం కోడు పట్టుకున్న చేయి, మట్టి పట్టిన గోళ్ళు మాత్రం చూశాను. ఒకచోట అతని అడుగు నా అడుగుతో కలవక మంచం ఊగింది. "సరిగ్గా నడువు" అని కసిరాను. అతను అడుగు కలిపాడు.

వాగు నడుము దాటి పారుతోంది. నాకు ఈత రాదు. మధ్యలో కాలి కింద ఇసుక కొట్టుకుపోయి మునిగాను. మంచం నా భుజం మీంచి జారిపోయింది. నీళ్ళ అడుగున నేను అనుకున్నది ఒక్కటే, పిల్ల పోయింది అని. లేచి చూస్తే మంచం ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులోనే ఉంది. మళ్ళీ భుజం పెట్టాను.

ఒడ్డెక్కాం. జీపు ఉంది. మంచం దించి పిల్లను అందుకుంటూ, పక్కకు తిరగకుండానే "ఇక నువ్వు పో" అన్నాను. మా ఇంట్లో పని అయినవాళ్ళతో అనే మాటే.

భద్రాచలంలో డాక్టరు చూసి, మలేరియా మెదడుకెక్కిందన్నాడు. ఇంకో గంట ఆలస్యమైతే తనూ చేసేదేమీ ఉండేది కాదన్నాడు. రెండు రోజులు హరిణికి తెలివి రాలేదు. ఆ రెండు రోజులూ నేను నా భార్య కళ్ళలోకి చూడలేకపోయాను.

ముత్తయ్య, రాములు అక్కడే వరండాలో ఉన్నారు. "ఎనక అంత బరువు ఒక్కనివే ఎట్ల ఆపినవ్ దొరా? మా దగ్గర ఇంచు వంగలే" అన్నాడు రాములు. నాలుగో మనిషి సంగతి నేను వెంటనే చెప్పలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆ పొగడ్తను ఒక పూట ఉంచుకున్నాను.

మూడో రోజు పొద్దున్న హరిణి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆ మధ్యాహ్నమే జీపు డ్రైవరు పిల్లను చూడటానికి వచ్చాడు. అప్పుడు నేను నోరు విప్పి, ఆ నాలుగో అతన్ని కూడా పిలిపించి కొత్త బట్టలు పెడదామన్నాను.

"నాలుగో అతనెవరు?" అన్నాడు ముత్తయ్య.

డ్రైవరు నా వైపు అదోలా చూశాడు. అవతలి ఒడ్డు ఎత్తుగా ఉంటుంది, అక్కడి నుంచి అతనికి మంచం అంతా కనిపించింది. "ముగ్గురే వచ్చిన్రు సార్. మీరు మునిగినప్పుడు మంచం ఎనక ఎవ్వరు లేరు. పడ్డదే అనుకొని కండ్లు మూసుకున్న. తెరిచి చూస్తే గట్లనే నిలబడ్డది. చెప్తే నవ్వుతరని ఊకున్న."

ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఊరికి వెళ్ళి ఇంటింటికీ అడిగాను. సంతకు పోయినవాళ్ళు వాగు తగ్గేదాకా, అంటే మర్నాటి దాకా, అవతలే ఆగిపోయారు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళెవరూ ఆ వానలో గడప దాటలేదు. భయంలో నాకు అలా తోచిందని సరిపెట్టుకుందామంటే, నేను మునిగినప్పుడు మంచాన్ని నిలబెట్టింది ఏమిటో చెప్పలేను. ముందున్న ఇద్దరూ చెప్పలేరు.

హరిణి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. అప్పుడప్పుడు అడుగుతుంది, "ఆయన ముఖం ఎలా ఉంది నాన్నా?" అని. వాన పడుతోంది, గోనెసంచి అడ్డం, కనిపించలేదమ్మా అంటాను.

అది నిజం కాదు. ఒడ్డున నేను పొమ్మన్నాక, తడి గోనెసంచి తల మీంచి తీసిన చప్పుడు విన్నాను. చేయి చాస్తే అందేంత దూరంలో, నా ఎడమ పక్కన, ఆ మనిషి ఊపిరి తీసుకుంటూ కాసేపు నిలబడే ఉన్నాడు. మెడ తిప్పితే సరిపోయేది. తిప్పలేదు. మోసినవాళ్ళ ముఖం చూసే అలవాటు నాకు లేదు.