ఎల్లుండి అన్నాను

మా టీచరమ్మ మొన్న మంగళవారం ఆదోనిలో చనిపోయింది. ఆమె కొడుకు నాకు ఫోన్ చేసి, "ఊర్లో వాళ్లకు నువ్వే సెప్పన్నా" అన్నాడు. చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "సాలు ఊరుకో మామా, పొద్దున్నే నీ తమాషాలు" అని ఒకడు ఫోన్ పెట్టేశాడు. ఇంకొకామె "నీ నోట్లో మన్ను పడ!" అని తిట్టింది. తప్పు వాళ్లది కాదు. ఇరవై ఏళ్లుగా ఆదోని-ఆలూరు రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతూ, లేని పామును సీటు కింద ఉందని చెప్పి నవ్వుకున్నవాణ్ణి. చివరికి నా భార్య చేత ఫోన్లు చేయించాను.

నా మాట నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. అదే నా బాధ.

మా ఊరి బడికి ఆమె రోజూ ఆదోని నుంచి నా ఆటోలోనే వచ్చేది. ముందు సీట్లో, నా పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చునేది. ఒళ్లో గుడ్డ సంచి. అందులో చాక్‌పీసుల కంటే దువ్వెనలు ఎక్కువ. పత్తి చేలకు పోతున్న పిల్లలు దారిలో కనిపిస్తే ఆటో ఆపించి, ఎక్కించుకుని, అక్కడే తల దువ్వడం మొదలుపెట్టేది. "పేన్లకు భయపడితే పాఠం యాడ సెప్తామప్పా" అనేది. జడ సగం వేసిన పిల్ల దిగి పారిపోదని ఆమె లెక్క.

"నువ్వెంత వరకు సదివినావు?" అని ఒకరోజు అడిగింది.

"అయిదు, టీచరమ్మా. ఆరో తరగతి నన్ను చూసి పారిపోయింది."

ఆమె వెంటనే నవ్వలేదు. రెండు స్టాపులు దాటాక నవ్వింది. ఆ తర్వాత, "ఎవరు పిల్చుకపోయినారు నిన్ను?" అంది. మా నాయన సుగ్గికి తీసుకుపోయాడని చెప్పాను. మా వైపు వాన పంట అయిపోయాక ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. ఉగాదికి తిరిగొచ్చేసరికి బడి అయిపోయి ఉంటుంది. చేతులు మాత్రం మండుతూ ఉంటాయి.

సుగ్గి కాలంలో ఆమె వీధివీధీ తిరిగి తాళాలు చూసేది. పెద్దవాళ్లు పోయినా పిల్లలు బడిలోనే తిని, బడిలోనే పడుకునేట్టు ఏర్పాటు చేయించింది. తల్లిదండ్రులు ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలి, అంతే. "పిల్లను నాకు అప్పజెప్పి పోండి. ఎట్లుండాదో అట్లే తిరిగిస్తా" అనేది. లారీ ముందు నిలబడి కూడా పిల్లల్ని దించేది. కూలీలను లారీకెత్తి తీసుకుపోయే మేస్త్రికి ఆమె అంటే మంట.

ఈరమ్మ అని నాలుగో తరగతి పిల్ల ఉండేది. అవ్వ చనిపోయింది, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. బడిలో వదిలిపోవడానికి వాళ్ల నాయన సగం ఒప్పుకున్నాడు. పదహారేళ్ల కిందటి మాట. సాయంత్రం ఆటోలో టీచరమ్మ అడిగింది.

"ఈరమ్మ వాళ్ల లారీ ఎప్పుడప్పా?"

మర్నాడు తెల్లవారుజామున అని నాకు తెలుసు. "ఎల్లుండి" అన్నాను, నవ్వకుండా. ఎందుకంటే ఏం చెప్పను? ఆమె నిజం తెలుసుకుని ఉలిక్కిపడితే చూడాలని. ఆదోనిలో దిగేటప్పుడు చెబుదామనుకున్నాను. దిగేచోట జనం ముసురుకున్నారు, చిల్లర కోసం ఒకడు గొడవ పెట్టుకున్నాడు, ఆమె చెయ్యి ఊపి వెళ్లిపోయింది. తమాషా సగంలో ఉండిపోయింది. నేనింటికి పోయి హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఆమె కాగితం, సిరా పెట్టె, ఈరమ్మ అన్నం తినడానికి ఒక కొత్త స్టీలు తట్ట పట్టుకుని ఎక్కింది. తట్ట చూసినప్పుడు గుర్తొచ్చింది నాకు. చెప్పకుండానే ఆటో తీశాను. ఊరొచ్చాక ఆమె ఈరమ్మ ఇంటికి పోయి, తాళం పట్టుకుని నిలబడి, తిరిగొచ్చింది.

"ఎల్లుండి అన్యావు గదప్పా."

"తమాషాకు అన్యా టీచరమ్మా. దిగేటప్పుడు సెప్దామనుకున్యా."

"నువ్వు అందర్నీ నవ్విస్తావు. పోయేటప్పుడు ఆ పాపను గూడా నవ్విచ్చినావా?"

ఆ సాయంత్రం ఆమె వెనక సీట్లో కూర్చుంది.

ఆదివారం ఇద్దరం గుంటూరు బస్సెక్కి మూడు ఊళ్ల మిరప చేలల్లో వెతికాం. మా ఊరివాళ్లు కనిపించారు. ఈరమ్మ వాళ్లు లేరు. ఇంకో మేస్త్రితో పోయారన్నారు, బెంగళూరు అన్నారు. ఉగాదికి అందరూ వచ్చారు, వాళ్లు రాలేదు. ఏటికేడు ఆ తాళం తుప్పు పట్టింది. తర్వాత కప్పు కూలింది. తాళం మాత్రం అట్లే ఉంది.

మరుసటి ఏడు ఆమె మళ్లీ ముందు సీట్లోకి వచ్చి, "నీ నోరు ఊరంతా తిరుగుతాది గదా, ఇంక నాకోసం తిప్పు" అంది. అప్పటి నుంచి ఏ లారీ ఎప్పుడు కదులుతుందో ఆమెకు ముందే చెప్పాను. మేస్త్రి కొట్టడానికి వచ్చాడు కూడా. ఆ ఏడు బడి వరండాలో చాపలు చాలలేదు. ఆ చాపల మీద పడుకున్న పిల్లల్లో ఒకామె ఇప్పుడు ఎమ్మిగనూరు ఆసుపత్రిలో నర్సు. నన్ను క్షమించానని మాత్రం టీచరమ్మ ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. మంచం మీద చిన్నపిల్లంత అయిపోయింది. "ఈరమ్మ వాళ్ల సంగతి ఏమన్నా తెలిసిందా అప్పా?" అంది. దారి పొడవునా ఒక అబద్ధం తయారు చేసుకునే పోయాను. ఊరికొచ్చి పోయింది టీచరమ్మా, బెంగళూరులో బాగుంది, కూతురు బడికి పోతోంది. ఇంత తియ్యటి అబద్ధం జీవితంలో అల్లలేదు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, నమ్మడానికి సిద్ధంగా.

"తెలీలేదు టీచరమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "సూస్తా ఉండు" అంది.

సుగ్గి లారీలు మళ్లీ మొదలయ్యాయి. నిన్న పొద్దున ఆలూరు రోడ్డు మీద ఒకటి ఆగి ఉంది. ఏ ఊరివాళ్లో తెలీదు. మూటల మధ్య పాతికేళ్ల ఆడమనిషి కొంగు తలమీదికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది. పక్కన ఆరేడేళ్ల పాప. లారీ కదిలింది. నేను "ఈరమ్మా!" అని అరిచాను.

తల్లి తిరగలేదు. పాప తిరిగింది. రోడ్డు వంపు తిరిగేదాకా నన్నే చూస్తూ పోయింది.