కపిలె తోలు పట్టా

మా చిన్నప్పుడు మా నాయన బండి ఎక్కడానికి ముందు దాని వెంట పరుగెత్తేవాడు... ఇరవై అడుగులు తోస్తే ఇంజను ముసలివాడిలా దగ్గి, ఆ తర్వాత అందుకునేది. అప్పుడు ఎగిరి కూర్చునేవాడు. ఆలోపు వీధి కుక్కలన్నీ లేచేవి.

పుస్తకాల్లో దాన్ని మోటారు సైకిలు అంటారు. మా బద్వేలు పక్క ఫట్‌ఫటి. ఎందుకో ఈ రెండో మాట రాస్తేనే నాకు చెవిలో వినిపిస్తుంది...

నాయనది ఊరూరా తిరిగి టీకాలు వేసే ఉద్యోగం. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ బండి చవగ్గా కొన్నాడు. అప్పటికే అది పాతది. గేర్లు లేవు. ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించడానికి ఒక తోలు పట్టా ఉండేది, అంతే.

నడపడం కన్నా కాపాడుకోవడమే పెద్ద పని. పెట్రోలును అమ్మ పాత చీరగుడ్డలో వడగట్టేవాడు. ప్లగ్గును బూడిదతో తోమేవాడు. టీకా మందు ఎండకు చెడకుండా, తడిగోనె చుట్టిన చెక్కపెట్టె ఒకటి వెనక చక్రం పక్కన కట్టించాడు. సీటు చిరిగితే జట్కా గుర్రాలకు జీనులు కుట్టే మస్తాన్ మామ కొత్తది కుట్టాడు... అది కూడా జీను మాదిరే వచ్చింది.

ఒక ఏడు పట్టా తెగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. మస్తాన్ మామ మా పాత కపిలె తొండం కోసి పట్టా కుట్టిచ్చాడు. ఎద్దులతో బావి నీళ్ళు తోడే పెద్ద తోలు సంచి కపిలె. దాని కింద వేలాడే తోలు గొట్టం తొండం. ఏళ్ళ తరబడి నీళ్ళు మోసిన తోలు అది...

"గడ్డి అడగని గుర్రమప్పా నీది. మొండితనం మాత్రం శానా," అన్నాడు మామ.

నాయనను కన్న మా అబ్బకు ఆ బండి గిట్టదు. ఆ ఎండాకాలం కపిలె ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. ఒంటెద్దుతో కపిలె తోలలేరు. బావి కింద రాగి పైరు వాడిపోసాగింది.

"ఆడ పైరు ఎండిపోతాంటే ఈడ నీకు ఫట్‌ఫటి కావాల్నా? అమ్మేసి ఎద్దును తెస్తాం పా," అన్నాడు అబ్బ.

"అది లేకుంటే ఊర్లన్నీ నడిచి తిరగాల నాయనా. పోయేలోపల మందు చెడిపోతాది."

"మొన్న నువ్వు దాన్ని తోసుకుంటా వచ్చింది నేను చూళ్ళేదనుకున్యావా?"

చివరికి అబ్బ పందెం వేశాడు. సంత నాడు తనను వెనక కూర్చోబెట్టుకుని బండి సంత దారిలోని ఎర్రమిట్ట ఎక్కాలి. ఎక్కితే ఉంటుంది. మధ్యలో దిగాల్సి వస్తే సంతలోనే దాన్ని అమ్మి ఎద్దును బేరం చేయాలి. నాయన సరేనన్నాడు.

ముందురోజు ఒక బియ్యం మూటను వెనక కట్టుకుని నాయన మిట్ట ఎక్కి చూసుకున్నాడు. బండి ఎక్కింది.

సంత నాటి పొద్దున అబ్బ గొంగడి మడిచి వేసుకుని కూర్చున్నాడు. మస్తాన్ మామ, మేం పిల్లలం వెనక నుంచి తోశాం. ఇంజను అందుకుంది. మిట్ట సగం దాకా బాగానే పోయింది... అక్కడ ఇంజను అరుస్తోంది గానీ చక్రం తిరగలేదు. బండి నిలిచి, వెనక్కి జారింది. ఇద్దరూ దిగారు.

మేం చేరేసరికి నాయన పట్టాను తడిమి, వేళ్ళు వాసన చూసుకుంటున్నాడు.

"ఆముదం," అన్నాడు. "ఎవరు పూసినారు దీనికి?"

మా పక్క కపిలె తోలుకు ఆముదం పట్టించకుండా ఎవరూ ఉంచరు. లేకుంటే పగులుతుంది. కానీ బండి పట్టా చక్రాన్ని బిగబట్టి తిప్పాలి... నూనె తగిలితే జారుతుంది.

"నేనే," అన్నాడు అబ్బ. "నిన్న మాపటేళ చూస్తే ఎండిపోయి ఉండాది. ఎండిన తోలు చూస్తా ఎట్లుండేదప్పా?"

"పందెం వేసిందీ నువ్వే, చెడగొట్టిందీ నువ్వే. సంతలో నీ మాదిరి బేరగాడు యాడా దొరకడు పెద్దాయనా," అన్నాడు మస్తాన్ మామ.

అబ్బ నవ్వలేదు. వంగి దారిలోని దుమ్ము గుప్పెడు తీసి పట్టాకు రుద్దాడు. తలగుడ్డ విప్పి తుడిచాడు. మళ్ళీ దుమ్ము... మళ్ళీ తలగుడ్డ. సంతకని కట్టుకున్న తెల్లగుడ్డ అది.

"కిందికి దించు. మళ్ళీ ఎక్కుదాం," అన్నాడు.

"దిగినాం గదా నాయనా. పందెం పోయినట్టే."

"దిగింది నా నూనెకు. నీ బండికి గాదు."

రెండోసారి బండి మిట్ట దాటింది. అబ్బ రెండు చేతులతో నాయన చొక్కా పట్టుకుని ఉన్నాడు.

ఎద్దు మాత్రం రాలేదు. పక్కచేను వాళ్ళదీ ఒంటెద్దే కాబట్టి అబ్బ రెంటినీ జోడు కట్టాడు. ఒకరోజు వాళ్ళ బావి, ఒకరోజు మాది. సగం పైరు దక్కింది. పోయిన సగం గురించి ఆయన బండిని ఒక్క మాట అనలేదు. కపిలెకు ఆముదం పూసి, బండి దగ్గర కొంచెంసేపు నిలబడి, గిన్నె తీసుకుని లోపలికి పోయేవాడు...

తర్వాత యుద్ధం వచ్చింది. పెట్రోలు కూపన్ల మీదికి పోయింది. అబ్బ కూడా పోయాడు. నాయన ఇప్పుడు సైకిలు మీద తిరుగుతున్నాడు. కొందరి బావులకు ఆయిలింజన్లు వచ్చాయి. కపిలె మోత వినిపించని పొద్దులు ఎక్కువయ్యాయి.

మొన్న సెలవులకు పోయినప్పుడు కొట్టంలో బండి చూశాను. టైర్లు నేలకు అంటుకుపోయాయి. పట్టా ముట్టుకుంటే మెత్తగా ఉంది... వేళ్ళకు ఆముదం వాసన.

నాయన వైపు చూశాను.

"ఇప్పుడు జారితే ఏమప్పా... యాడికి పోవాల?" అన్నాడు.

పని మానేసిన వస్తువుకు ఎవరో ఒకరు ఇంకా నూనె పెడుతున్న ఇల్లు మీకూ తెలిసే ఉంటుంది... అక్కడ ఆ చేయి ఎవరిదో మీరూ చెప్పండి.