మూడు పక్షులు, ఒక పడవ

రాధారాణి మాట తప్పదనీ, ఎవరికీ మొహమాటపడదనీ మా ఝపటాపూర్‌లో పేరు. ఆ పేరే దాని కొంప ముంచింది. నా స్నేహితురాలు గనక ‘అది’ అంటున్నాను, ఏమీ అనుకోకండి.

పగలు గోల్‌బజార్‌లో ఒక బట్టల కొట్లో చీరలు చూపిస్తుంది. తీరిక దొరికితే ఫోనులో ఒక లోకాన్ని నడుపుతుంది. ఆ లోకం పేరు ఏడులంకలు. చేరినవాళ్లు తలా ఒక పాత్ర ఎంచుకుని, ఆ పాత్ర ఏం చేసిందో, ఏమందో రాస్తూ పోవాలి. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు అందుకుంటే ఆట సాగుతుంది. జాలరులు, మంత్రసానులు, దొంగలు ఎంతమందైనా ఉండొచ్చు. పెద్ద పక్షులెక్కి తిరిగే పక్షిరౌతులు మాత్రం ముగ్గురే. చేరిన ప్రతివాడికీ పక్షే కావాలి మరి! అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని రాధారాణి మొదట్లోనే తెగేసి చెప్పింది. రౌతుల్లో ఎవరైనా ఆట మానేస్తే, ఆ పక్షి వరుసలో ముందున్నవాళ్లకి వెళ్తుంది. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల కదా, సీనియారిటీ తప్ప ఇంకో న్యాయం దానికి తెలీదు. నేను అందులో మిరియాల షావుకారుని. నాకే పక్షీ అక్కర్లేదు, నా వ్యాపారం నాకు చాలు.

వాళ్ల నాన్న తవిటయ్య మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి, గుమ్మం దిగలేక విసుక్కుంటుంటే రాధారాణే ఆయన్ని ఆటలోకి లాగింది. ఆయన పడవవాడయ్యాడు. ఓలమ్మో, ఏం పడవవాడు! రేవుకి ఎవరొచ్చినా ముందు “తిన్నారా?” అని అడుగుతాడు. నీళ్లు తోడుతూ, తాడు బిగిస్తూ అవతలి ఒడ్డు కబుర్లు చెబుతాడు. తగాదా పడ్డ ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒడ్డు చేరేలోపు నవ్వించేస్తాడు. పక్షిరౌతులు కూడా తమ పక్షుల్ని గట్టున వదిలి ఆయన పడవ ఎక్కేవాళ్లు.

ఒక ఆదివారం వాళ్లమ్మ చిట్టెమ్మ అత్త చేపలు తోముతుంటే, మావయ్య కూతుర్ని పిలిచాడు.

“అమ్మడూ, నాకూ ఓ పిట్ట ఇయ్యవా? ఒక్కపాలి పైనుంచి సూడాలనుంది.”

ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి. రాధారాణి నవ్వేసి, “వరుసలో నిలబడు నాన్నా” అంది.

నిలబడ్డాడు. ఏడాది పైగా నిలబడ్డాడు. ఈలోగా పక్షికి పేరు కూడా ఆలోచించుకున్నాడు. “మాయమ్మ పేరెడతానే, జోగమ్మని” అని నాతో రహస్యంగా చెప్పి, చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

చివరికి ఒక రౌతు ఆట మానేశాడు. వరుసలో ముందు మావయ్య, ఆ వెనక ఇక్కడ ఇంజనీరింగ్ చదివే అభినయ్. రాధారాణి ఆ పక్షిని అభినయ్‌కి ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండి నేరుగా దాని కొట్టుకే వెళ్లాను.

“ఏటే, నీ న్యాయం గంగలో కలిసిపోనాదేటి? వరుస మావయ్యది కదా?”

“నాన్నకిస్తే కూతురు తండ్రికి ఇచ్చుకుందంటారు. అయినా నాన్న ఎగిరిపోతే పడవెవరు నడుపుతారే? అలాంటి పడవవాడు మళ్లీ దొరుకుతాడేటి?”

“అంటే, బాగా చేసినందుకు శిక్షా?”

“శిక్షేటి, గౌరవం.”

గౌరవమట! నలుగురూ చూస్తున్నారని నోరు మూసుకుని వచ్చేశాను.

సాయంత్రం తనే వెళ్లి, పడవెవరు నడుపుతారన్న మాటతో సహా, తండ్రికి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. మావయ్య అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఠీక్ హై అమ్మా. కుర్రోడు, ఎగరనీ.” ఆ పైన తనలో తను అనుకున్నట్టు అన్నాడు. “మా ఫోర్‌మన్ సాహెబూ ఇదే మాటన్నాడు. తవిటయ్యా, నువ్వెల్లిపోతే నా బోగీలెవడు సూస్తాడు, అని.”

ఆ ఇంట్లో ఆ ఫోర్‌మన్ కథ తెలియనివాళ్లు లేరు. కుర్రతనంలో మావయ్యకి రైలు నడపాలని ఆశ. పరీక్షకి దరఖాస్తు పెడితే, ఇంత మంచి పనివాడు చేజారిపోతాడని ఫోర్‌మన్ దాన్ని పైకి పంపలేదు. మావయ్య బతుకంతా ఆగిన బోగీల కింద దూరి పనిచేశాడు. చిట్టెమ్మ అత్త ఆ ఫోర్‌మన్‌ని తిట్టని పండగ లేదు. రాధారాణి కూడా చిన్నప్పుడు ఆయన రోడ్డు మీద కనబడితే వెనకనుంచి వెక్కిరించేది. ఇప్పుడు దాని మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

కొన్నాళ్లకి చదువు ఒత్తిడని రష్మిత అనే అమ్మాయి తన పక్షిని వదులుకుంది. ఆ పక్షి తవిటయ్యదని రాధారాణి వెంటనే అందరికీ ప్రకటించింది. ఒక్కరంటే ఒక్కరు కూడా కూతురిచ్చుకుందని అనలేదు. “ఇన్నాళ్లకా!” అన్నారంతే. ఎవరేమంటారోనని అది పడ్డ భయమంతా వట్టిదే. నన్ను లాక్కుని ఇంటికి పరుగెత్తింది. మావయ్య అనుకున్న పేరు సంగతి దారిలో నేనే చెప్పేశాను.

“నాన్నా, నీ పిట్ట వచ్చింది! జోగమ్మని పేరు పెట్టుకో.”

మావయ్య కళ్లజోడు పెట్టుకుని ఫోను చూశాడు. చాలాసేపు చూసి తిరిగిచ్చేశాడు.

“ఒద్దమ్మా. ఇంకెవులికైనా ఇచ్చీ.”

“అదేటి? నువ్వే కదా అడిగినావు?”

“అడిగినాను. అప్పుడు మనసైనాది. ఎక్కడెక్కడికి ఎగరాలో రోజూ అనుకునీవోణ్ణి. ఇప్పుడా మనసు లేదే, ఏటి సెయ్యను?”

“నా మీద కోపమా నాన్నా?”

“సీ సీ, కోపమేటి! ఫోర్‌మన్ సాహెబు కూడా ఆకర్న పిలిసి నా దరకాస్తు మీద సంతకం ఎట్టినాడు తెలుసా? మీయమ్మకి సెప్పనేదు. అప్పటికి నాకు వయసు దాటిపోనాది. పాపం, ఆయనా మంచోడేనమ్మా.”

రాధారాణి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మావయ్య మాత్రం రేవులో ఎవరో ఎదురుచూస్తున్నారంటూ ఫోను అందుకుని, ఒక్క వేలితో పడవ తోయడం మొదలుపెట్టాడు.

ఆ మూడో పక్షి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. వరుసలో ఉన్నవాళ్లు గోల పెడుతున్నారు, న్యాయం ఏదని నిలదీస్తున్నారు. అయినా ఎవరికీ ఇవ్వడానికి రాధారాణికి చేతులు రావడం లేదు. పేరు మాత్రం పెట్టింది, జోగమ్మ అని.