తలకిందులుగా కారిన రంగు

ఎవరు పాత సైకిలు తెచ్చినా వెర్నా హ్రుస్కా ముందు దాన్ని తలకిందులు చేసేది. సీటు, హ్యాండిలు నేలకు ఆనించి, పెడళ్ల ఇరుసు కింద పేరుకున్న మట్టిని బొటనవేలితో తుడిచి, అక్కడ కొట్టిన అంకెలు చదివేది. పలకరింపులు ఆ తర్వాతే. “మనుషులు ఏదైనా చెప్తారు. అంకెలు చెప్పేది ఒకటే” అనేది.

ఆమె పోయి నాలుగు చలికాలాలు గడిచాయి. వెస్టర్లీలో ఇప్పటికీ ఎవరి షెడ్డులోనైనా పాత సైకిలు బయటపడితే, “వెర్నా ఉంటే చెప్పేది” అనే మాట వినబడుతూనే ఉంటుంది.

ఒహాయోలోని ఆ ఊళ్లో ఫ్యాక్టరీ అంటే ఒకటే, నది ఒడ్డున ఎర్ర ఇటుకల సైకిళ్ల ఫ్యాక్టరీ. పెళ్లికి ముందు అందులో చేరి పందొమ్మిదేళ్లు పనిచేసింది వెర్నా. రంగు వేసి కొలిమిలో కాల్చిన మడ్‌గార్డుల మీద, గొట్టాల మీద చేత్తో తెల్ల గీతలు గీయడం ఆమె పని. అక్కడ తయారైన సైకిళ్లలో ఒక్కటీ ఫ్యాక్టరీ పేరుతో బయటికి పోలేదు. ఊరూరా ఉన్న డిపార్ట్‌మెంట్ స్టోర్లు, టైర్ల షాపులు తమ పేరు బిళ్లలు తామే పంపేవి. అవి బిగించి పంపితే సైకిళ్లు స్టోర్లో బొమ్మల పక్కన, ఆ స్టోరే తయారు చేసినంత దర్జాగా నిలబడేవి.

“పెళ్లిచేసి పంపినట్టే. పుట్టిల్లు ఒకటే, ఇంటిపేర్లే వేరు” అనేది వెర్నా.

తొంభై నాలుగు మే నెలలో గ్లెన్ ఓస్వాల్ట్ తన ట్రక్కులోంచి ఒక సైకిలు దించాడు. పొరుగూరి స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్కు, నలభై ఆరేళ్ల మనిషి. సైకిలంతా వరండా గచ్చుకు వేసే బూడిద రంగు. చువ్వల మీద కూడా అదే. పేరు బిళ్ల లేదు.

“నాన్న ఫిబ్రవరిలో పోయాడండీ. షెడ్డు ఖాళీ చేస్తుంటే దొరికింది. చిన్నప్పుడు నాదే. పెద్ద కంపెనీదని నాన్న చెప్పేవాడు.”

“ఏ కంపెనీ?”

“పేరు చెప్పలేదు. పెద్దదని మాత్రం చెప్పాడు.”

మెట్ల మీద కాఫీ తాగుతున్న స్టాన్, వెర్నా భర్త, తల ఊపాడు. “మా నాన్న కూడా నాకు పెద్ద ఉద్యోగం వస్తుందనేవాడు. నలభై ఏళ్లు పాల వ్యాను తోలాను.”

వెర్నా అప్పటికే సైకిలు తలకిందులు చేసింది. అంకెల ముందు, ఏ ఏడు చేసిందో చెప్పే అక్షరం చూసింది. తిరిగి లేపి, హ్యాండిలు కింది గొట్టం మీద వేలు పెట్టింది.

“బిళ్ల పోయినా బెజ్జాలు ఎక్కడికి పోతాయి నాయనా? ఇవి చూడు, ఒకదాని కింద ఒకటి, మధ్య రెండు వేళ్ల ఎడం. టైర్ల షాపుల బిళ్లకైతే పక్కపక్కన వేసేవాళ్లం. ఇలా నిలువునా వేయించుకున్నది హోల్కమ్ స్టోరొక్కటే. యాభై ఒకటిలో చేశాం. ఆ ఏడు వాళ్లవన్నీ ఎరుపే.”

“ఎరుపా?” నవ్వాడు గ్లెన్. “నాకు గుర్తున్నది ఈ బూడిదే.”

“కింద ఉంది.”

“సరే హ్రుస్కా గారూ, మీ ఇష్టం. నడిచేట్టు చేస్తే చాలు.”

రంగు గురించి అతను ఇంకేమీ అనలేదు. ఆమె అడగలేదు. కాల్చిన రంగు మీద ఇంటి రంగు పులమడమంటే పాత సైకిళ్లు బాగుచేసేవాళ్ల లెక్కలో సైకిలుకు జబ్బు చేయడమే. ఆదివారం సైకిళ్ల సంతలో అలాంటిదాన్ని చూస్తే శవం దగ్గర నిలబడ్డట్టు టోపీలు తీసేవాళ్లు. జబ్బు తీయాలా అని రోగిని ఎవరడుగుతారు?

పది రోజుల్లో చక్రాల ఇరుసులు విప్పి, కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టింది. టైర్లు, గొలుసు మార్చింది. ఆ తర్వాత వెనక మడ్‌గార్డు విప్పి వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి కూర్చుంది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డ కప్పడం, ఆగడం, మెత్తబడిన బూడిద రంగును ప్లాస్టిక్ బద్దతో, ఆపైన గోటితో లేపడం. ఇనుప పనిముట్టు తాకనిచ్చేది కాదు. రోజుకు జానెడు తేలేది. ఆరో రోజుకు మడ్‌గార్డు మొత్తం బయటపడింది. చెర్రీ పండులాంటి ఎరుపు, దాని మీద పొడవునా తెల్ల గీత.

గీత చివర చూసి ఆమె బద్ద కింద పెట్టేసింది.

“స్టాన్! ఒకసారి రా.”

“ఏం, చెయ్యి తెగిందా?”

“ఇది ఇర్మా గీత.”

గీత గీసేవాళ్లు ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో గీసేవాళ్లు. కుంచె ఎత్తేటప్పుడు ఎవరి చివర వారిది. వెర్నాది సూదిలా ముగిసేది. పక్క బల్ల మీద పందొమ్మిదేళ్లు కూర్చున్న ఇర్మా పావ్లిక్‌కు తొందరెక్కువ. చివర కొద్దిగా పైకి ఎగిరేది. కిందటి శరదృతువులో ఇర్మా పోయింది. ఇన్నేళ్లలో వెర్నా చేతికి వచ్చిన వందల సైకిళ్లలో ఇర్మా చెయ్యి కనబడడం ఇదే మొదలు.

“ఎగిరే తోక!” అన్నాడు స్టాన్ మెల్లగా. “ఫోర్‌మన్ దీనికే తిట్టేవాడు కదూ?”

“తిట్టాక ఇంకాస్త ఎగిరేది.”

శనివారం మధ్యాహ్నం గొలుసు కవరుకు తడిగుడ్డ వేయబోతుంటే గ్లెన్ వచ్చాడు. చేతిలో వాళ్లమ్మ కాల్చిచ్చిన ఆపిల్ పై పళ్లెం ఉంది. బల్ల మీది మడ్‌గార్డు చూసి గుమ్మంలోనే ఆగాడు.

“చూడు నాయనా, ఎరుపన్నానా?” అంది వెర్నా.

అతను పేపరు మీది బూడిద పెచ్చు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“ఇది నాన్న వేసిందండీ. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పక్కవీధి రాల్ఫీ దగ్గర కొన్నాడు. ‘రాల్ఫీ పాత సైకిలు’ అని పిల్లలు ఏడిపిస్తారని, వరండాకు వేయగా మిగిలిన రంగు వేశాడు. మడ్‌గార్డు పోతే పోయింది. ఆ కవరు చూపించండి.”

తడిగుడ్డ పడని కవరు తీసిచ్చింది. దాని అంచున గట్టిపడిన రంగు చుక్క ఉంది. మధ్యలో చిన్న నొక్కు.

“ఆరకముందే వేలు పెట్టాను. తిట్టు తిన్నాను.” వేలు ఆనించి చూశాడు. గోరు కూడా పట్టలేదు.

వెర్నా అతని ముఖంలోకి సూటిగా చూసింది. “తప్పు నాది. అడగాల్సింది, అడగలేదు.”

“పోనివ్వండి. అయిపోయిందాన్ని వెనక్కి పెట్టలేం కదా.”

“ఎందుకు పెట్టలేం?” అని కవరు వెలుగులోకి పట్టింది. అంకెలు చదివిన కళ్లతోనే ఆ బూడిద రంగును చదివింది. “మీ నాన్నది ఎడమచేతి వాటం.”

“అవును! మీకెలా…”

“కుంచె జాడలు ఇటు వాలాయి. సైకిల్ని తలకిందులుగా పెట్టి వేశాడు. కారిన చుక్కలన్నీ పైకే కారాయి, చూడు. వెంట్రుకలు రాలే పాత కుంచె. రంగులో కాటన్‌వుడ్ చెట్టు దూది చిక్కుకుంది, అంటే జూన్‌లో, ఆరుబయట వేశాడు.”

గ్లెన్ నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. “జూన్ మొదటివారం. బడి మూసిన రోజు.”

“మూడు వారాలు ఆగు. దూది ఎగరనీ.”

అతను వెళ్లాక స్టాన్ ఆ ఆపిల్ పై ముక్కలు కోస్తూ అడిగాడు. “ఇర్మా గీత మళ్లీ దొరకదే. దాన్నుంచుకుని, కుర్రాడికి వేరే మడ్‌గార్డు వెతికి రంగేసివ్వచ్చుగా?”

“వాళ్ల నాన్న కుంచె పెట్టిన ఇనుము ఇది. వేరేది ఎలా ఇస్తాను?” అంది వెర్నా. “అయినా ఎండలో పడుంటే ఈ గీత ఎప్పుడో వెలిసిపోయేది. ముప్పై ఏడేళ్లు ఆ వరండా రంగే కాపాడింది. ఇంకో ముప్పై ఏళ్లు కాపాడుతుంది.”

జూన్‌లో దూది ఎగిరింది. పెరట్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టి, మడ్‌గార్డు బిగించింది. ఊపిరి బిగబట్టి ఇర్మా గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరకు వేలు నడిపింది. తోక దగ్గర వేలు కూడా ఎగిరింది. అప్పుడు ఊపిరి వదిలి, కుంచె ఎడమచేతిలోకి తీసుకుంది.

మొదటిసారి వేసింది చూసి విసుక్కుని గుడ్డతో తుడిచేసింది. రెండోసారీ అంతే.

“ఎంత చెడగొడదామన్నా నున్నగానే వస్తోంది!”

“నాకివ్వు. నాకు పుట్టుకతోనే చెడ్డగా వస్తుంది,” అన్నాడు స్టాన్.

“నీది కుడిచేతి చెడుగు. పనికిరాదు.”

నాలుగోసారికి కుదిరింది. రంగు ముద్దలు కట్టింది, వెంట్రుకలు అంటుకున్నాయి, చుక్కలు కారాల్సిన దిక్కుకే కారాయి, గాలికొచ్చిన దూది వాటికి పట్టుకుంది. కొత్త రంగులో పిసరంత గోధుమ రంగు కలిపి ముందే వయసు తెచ్చింది.

రెండు రోజుల తర్వాత గ్లెన్ వచ్చి సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని ముందు మడ్‌గార్డు, వెనక మడ్‌గార్డు మార్చి మార్చి చూశాడు.

“ఏది మీరు వేసింది?”

“నువ్వే చెప్పు.”

చెప్పలేకపోయాడు. వెర్నా అతని మణికట్టు పట్టుకుని వెనక మడ్‌గార్డు అంచు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఒక్క చుక్క ఇంకా తడిగా మెరుస్తోంది. పొద్దున్నే పెట్టింది.

“వేలు పెట్టు.”

“తిడతారా?”

“పెట్టి చూడు.”

పెట్టాడు. “ఒరేయ్, ఆరకముందే ముట్టుకుంటావా!” అని స్టాన్ మెట్ల మీద నుంచి గట్టిగా అరిచాడు. గ్లెన్ ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. ముగ్గురూ నవ్వారు.

బూడిద అంటిన వేలితోనే హ్యాండిలు పట్టుకుని సైకిలెక్కాడు. నది వంతెన దాకా తొక్కుకుంటూ పోయాడు. వెర్నా గేటు దగ్గర నిలబడి, చెవి అటు పెట్టి, గొలుసు చప్పుడు వింది. ఎక్కడా పట్టలేదు.