నీళ్లు చల్లితే పోయే అంటు

మొన్న మిక్సీ తీగ కాలి వంటిల్లంతా రబ్బరు కమురు కంపు కొట్టింది. కొత్తది తెస్తానన్న కోడల్ని వద్దని, కాలినచోట కోసి, రాగి పోగులు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి నేనే బాగుచేసుకున్నాను. కరెంటు దేంట్లో పారుతుందో, దేంట్లో పారదో నేను నేర్చుకున్నది చదివిన మూడు తరగతుల్లో కాదు. రాయచెర్లులో, మా పశువుల కొట్టం దగ్గర.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా నాయన బావికి మోటారు పెట్టించి, తీగను కొట్టం రేకుల మీదుగా లాగించాడు. తీగ కట్టిన లైనుమ్యాను మజ్జిగ తాగుతూ మా అవ్వకు చెప్పాడు.

"ఇనుములో, నీళ్లలో పారుతాదమ్మా. ఎండుకట్టెలో పారదు. ఎవురినన్నా పట్టుకుంటే కట్టెతో కొట్టి విడిపించాల. చేత్తో ముట్టుకుంటే మీకూ పాకుతాది."

"అంటు మాదిరే కదప్పా. మాకు తెలీందేముండాది?" అంది అవ్వ.

శ్రావణం వచ్చింది. మా వైపు నాగుల చవితి శ్రావణంలోనే. తుంపర వానకు ఎర్రమట్టి మెత్తబడి, కొట్టంలోంచి తడిపేడ వాసనా వంటింట్లోంచి వేయించిన నువ్వుల వాసనా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన నాగుల చవితి పొద్దున, తలకు పోసుకున్న మా అమ్మ మడిచీరతో నువ్వులూ బెల్లమూ దంచుతుంటే, పుట్టకు పెట్టకముందే ఎవరూ ముట్టకుండా అవ్వ గడపలో కాపలా కూర్చుంటే, రోటి అంచుకంటిన చిమ్మిలిని చూస్తూ నేను గుటకలు మింగుతున్నాను. పేడ ఎత్తే ఓబుళమ్మ, గంప నెత్తికెత్తుకోబోతూ కొట్టం ఇనుప స్తంభం పట్టుకుంది. రేకుకు ఒరిసి ఒరిసి తీగ మీది తొడుగు ఊడిందని ఎవరికి తెలుసు? గంప పడింది. చెయ్యి స్తంభాన్ని వదల్లేదు. నోరు తెరిచింది కానీ అరుపు రాలేదు.

అమ్మ రోకలెత్తుకుని పరుగెత్తబోయింది. అవ్వ అడ్డం నిలబడింది.

"మడి రోకలి అది. దాని ఒంటికి తగిలితే పుట్టకేం పెడతావు? నీళ్లు చల్లండి, వదుల్తాది."

అంటుపడితే నీళ్లు చల్లి పోగొట్టుకునే ఇల్లు మాది. లైనుమ్యాను మాట నాకు గుర్తుంది. అయినా చెంబెత్తి చల్లింది నేనే. నీళ్లు పడగానే ఓబుళమ్మ ఒళ్లంతా మెలిదిరిగింది. నాయన వచ్చి ఫ్యూజు పీకేదాకా రోకలి అమ్మ చేతుల్లోనే ఉంది.

ఓబుళమ్మ బతికింది. కుడిచేతి వేళ్లు కాలి లోపలికి ముడుచుకుపోయాయి. నెల తిరక్కముందే పేడ ఎత్తడానికి మళ్లీ వచ్చింది. దాహమంటే అవ్వ ఎప్పటిలాగే పైనుంచి పోసేది. దోసిలి కుదరక సగం నేలపాలయ్యేవి.

"పారబోస్తావేందే ఓబుళీ, నీళ్లు ఊరికే వస్తాయా?"

"ఆ పొద్దు ఊరికే వచ్చినాయి కదమ్మా," అని నవ్వింది ఓబుళమ్మ.

ఆ రోజు అవ్వ ఆమెకు మళ్లీ నీళ్లు పోయలేదు.

ఇప్పుడు మా చేనంతా సోలారు పలకల కింద ఉంది. కొట్టం లేదు, రోలు లేదు, పుట్టను ఎప్పుడు చదును చేశారో కూడా తెలియదు. పైనుంచి నీళ్లు పోయడమూ లేదు. పలకలు కడిగే పనికొచ్చే ఓబుళమ్మ మనవరాలు పోతూ పోతూ మా గుమ్మం ముందు కాఫీ తాగుతుంది. చిరిగిన చీరను బొంతగా కుట్టుకునే నేను, ఆమె కోసం మాత్రం కాగితం గ్లాసులు కొంటాను. తాగాక ఆమె దాన్ని పారెయ్యదు. చేత్తో నలిపి, నా గడప మీద పెట్టి పోతుంది.